ముఠా శబ్ద విచారము



వార్షిక మహాసభయందు విద్యావిషయమును గూర్చి మాటలాడుట మాకు వాడుక. ఈ యేడు మాత్రము కార్యవర్గమువారు మా కొక మాటను చూపి, దానిని గూర్చి యుపన్యసింపుడని కోరిరి. ఆ మాట 'ముఠా'. కారణమేమనగా, మన సంఘము పక్షమున కుటుంబచరిత్రల సంపుట మొకటి సిద్ధమగుచున్నది. ప్రతి యింటివారును ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము, వృత్తి వ్రాసి పంపవలయునని ప్రకటింపగా, కొందఱు "మేము ముఠాదారుల వంశీయులము, ఆ బిరుదమును మా పేళ్లకు ముందు ముద్రింపవలయును" అని వ్రాసిరి. మఱికొందఱు "ఆ మాట యిప్పుడు దొంగలగుంపునకు చెల్లుచున్నది, మా తాతగారి పేరుచెంత దాని నచ్చువేయవలదు" అని వ్రాసిరి. ఇంక కొందఱు "ముఠాలు లేని మా పెద్దలు తక్కువవారా?" యని సూటిగా నడిగిరి. ఒక్క మాటమీద మూడు తెఱగుల జాబులు వచ్చెను. మాట పుట్టుక నెఱుంగక తీర్పు చెప్పుట తగదు గనుక, మొదట దాని యర్థమును, పిమ్మట వ్యుత్పత్తిని, ఆపైని చరిత్రను విచారించి, తుదను మన కర్తవ్యమును విన్నవింతుము.

ముఠా యను మాటకు ఈ సీమలో భూసంబంధమైన యర్థములు రెండు గలవు. మైదానమున ముఠా యనగా, సర్కారునకు చెల్లవలసిన శిస్తును ఒక్క మొత్తముగా నిర్ణయించి యొక్కని పేర నొప్పగించిన కొన్ని గ్రామముల సముదాయము. దానిని పొందినవాడు ముఠాదారు. మన్యమున ముఠా యనగా, ఒక పెద్దదొర చెప్పుచేతలలో నుండు కొన్ని కొండగూడెముల సముదాయము. అచ్చట ఆ దొరయే ముఠాదారు. విజయనగరము, బొబ్బిలి, జయపురము మున్నగు వానిని సంస్థానము లనియు, జమీలనియు ననిరే గాని ముఠాలని యెవరును పిలువలేదు. కావున ముఠా సంస్థానము వంటిది కాదు, అంతకంటె చిన్నది. మూడవ యర్థము మనుష్యుల జట్టు. దానిని తరువాత విచారింతుము. మూడింటియందును సామాన్యమైన భావము 'ఒకచోట చేర్చిన గుంపు' అని మాత్ర మిప్పటికి గుఱుతుంచుకొనవలయును.

ఇక వ్యుత్పత్తి. ఈ విషయమున మేము వినిన మతములు నాలుగు.

మఠ శబ్దమునుండి ముఠా వచ్చినదని కొందఱు. ఇది నిలువదు. మకారముమీది యకారము ఉకారమగుటకు హేతువు కానరాదు. మఠములకు చెందిన భూములను మఠమాన్యము లనుటయే వాడుక. వానిని ముఠాలని యెవరును వ్యవహరింపలేదు.

మిట్ట, మెట్ట యను తెలుగు మాటలనుండి వచ్చినదని మఱికొందఱు. మన్యము మిట్టనేల గనుకను, అరవదేశమున సేలము జిల్లాయందు ఇట్టి భూములకే 'మిట్టా' యని పేరుండెను గనుకను ఈ యూహ పుట్టినది. కాని సేలములోని మిట్టాలు నేల యెత్తును బట్టి యేర్పడినవి కావు. సర్కారువారు శిస్తుకొఱకు కట్టిన గ్రామములగుంపులే. మన సీమలోను వరిపండు పల్లపునేలలు ముఠాలలో చేరియే యుండెను. పల్లమును మిట్ట యనుట యెట్లు? సేలము మాట మన మాటకు ఉచ్చారణభేదమే యని మా తలంపు.

మూట శబ్దమునుండి వచ్చినదని మూడవ మతము. ఇది వినుట కింపైనది. గ్రామములను మూటగట్టి యిచ్చిరి గనుక ముఠా యనుట యర్థమునకు చక్కగా సరిపడును. మూట మన మాట. అరవమునను కన్నడమునను దీనికి తోబుట్టువులు గలవు. అయినను మూడు చిక్కులున్నవి. మూటలోని మొదటి యచ్చు దీర్ఘము, ముఠాలోనిది హ్రస్వము. మూటలోని హల్లు అల్పప్రాణము, ముఠాలోనిది మహాప్రాణము; అచ్చతెలుగు పదములకు ఠకారము సహజము కాదు. మూడవది యన్నింటికంటె బలమైనది: ముఠా దీర్ఘాకారముతో ముగియుచున్నది. సంస్కృతమున రమా, మాలా, శాలా యని దీర్ఘాంతములైనవి సయితము తెలుగున తత్సమములగునపుడు రమ, మాల, శాల యని కుఱుచనగును. తుదను దీర్ఘాకారము నిలుపుకొని మన వాడుకలో తిరుగు మాట లెవ్వి? జిల్లా, తాలూకా, పరగణా, ఖాతా, ఠాణా. ఇవి యన్నియు కచ్చేరీ ద్వారమున వచ్చిన మాటలు. ముఠాయు ఆ పంక్తిలోనిదే.

కావున నాలుగవ మతమే మాకు సమ్మతము. ముఠా హిందుస్తానీలోని 'ముట్ఠా' శబ్దము. దానికి పిడికెడు, కట్ట, మోపు అని యర్థములు. పిడికిలికి ఆ భాషలో 'ముట్ఠీ' యని పేరు. ఈ ముట్ఠీ మన సంస్కృత 'ముష్టి' యే. సంస్కృతమున 'ష్ట' యున్నచోట ప్రాకృతమున 'ట్ఠ' యగుట ప్రసిద్ధము. వరరుచి ప్రాకృతప్రకాశమునందే ఇది విధింపబడినది. అష్ట శబ్దము అట్ఠ యై హిందీలో ఆఠ్ అయ్యెను. మిష్ట శబ్దము మిట్ఠ యై మీఠా యయ్యెను. మన పిల్లలడుగు మిఠాయి అందుండి వచ్చినదే. శ్రేష్ఠి సెట్ఠి యై, మన దేశమున శెట్టి యయ్యెను. అట్లే ముష్టి ముట్ఠి యయ్యెను.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. శెట్టి యను మాట ప్రాకృతమునుండి ప్రాచీనకాలముననే తెలుగున చేరి, మహాప్రాణమును విడిచి, మన మాటలలో మాట యై కలిసిపోయెను. ముఠా యంత ప్రాచీనమైనచో అదియు 'ముట్టి' యై యుండవలసినది. కాలేదు. ఠకారమును, దీర్ఘాకారమును నిలుపుకొని పరదేశి వేషముననే యున్నది. దీనినిబట్టి యిది మనకు ఆలస్యముగా, తురకల కాలపు దఫ్తరములతో వచ్చిన మాట యని తెలియుచున్నది. సంస్కృత స్థాన శబ్దమే ఠాణా యై తిరిగివచ్చి పోలీసువారి కొలువైనట్లు, ముష్టి శబ్దమే ముఠా యై తిరిగివచ్చి సర్కారువారి లెక్కలలో కూర్చుండెను. పుట్టినింట నొక పేరు, మెట్టినింట నొక పేరు.

ముష్టిని 'ముష' ధాతువునుండి సాధించు పండితులు గలరు. ఆ ధాతువునకు అపహరించుట యర్థము. దొంగల ముఠా యను మాటను చూపి నొచ్చుకొనువారి కీ వ్యుత్పత్తి మఱింత భయము గొల్పవచ్చును గాని, భయపడ నక్కఱలేదు. ధాతువునుబట్టి మనుష్యుల గుణము నిర్ణయింపబడదు.

ఇక 'దారు'. ఇది పారసీక ప్రత్యయము. పట్టుకొనినవాడు, కలవాడు అని యర్థము. మన 'ధృ' ధాతువును ఇదియు ఒక తల్లి బిడ్డలు; ధరుడు, ధారి యనునవి మన పక్షమున దానికి సాటివి. జమీన్ అనగా నేల; దానికిని వేదములోని 'జ్మా' శబ్దమునకును చుట్టఱికము గలదు. కావున జమీందారును సంస్కృతీకరించినచో భూధరుడగును. ముఠాదారును సంస్కృతీకరించినచో ముష్టిధరుడగును. మన తెలుగున ముష్టి యనగా బిచ్చము. ముష్టి పట్టువాడు బిచ్చగాడు. ఒక్క పిడికిలినుండియే ముఠాదారు పేరును, ముష్టివాని పేరును పుట్టినవి. వేళ్లు మూసిన పిడికిలి యొకటి, ఎదుటివాని పిడికెడు బియ్యము కొఱకు తెఱచిన దోసిలి యొకటి.

మాట పుట్టుక తేలినది. ఇక నది మన సీమయందు భూమి కెట్లు తగుల్కొనెనో చూతము.

ఉత్తర సర్కారులు 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలమ్ ఫర్మానా వలనను, 1766లో నిజాముతోడి సంధివలనను ఇంగ్లీషు కంపెనీవారికి దక్కెను. మన ప్రాంతము చికాకోలు సర్కారులోనిది. అప్పటికి భూమి రెండు తెఱగులు. పురాతన జమీందారుల వశమున నున్నది యొకటి. మధ్య జమీందారు లేక పాలకులే తమ కోటల, కొలువుల ఖర్చులకై నేరుగా ననుభవించు హవేలీ భూమి యొకటి. కంపెనీవారు చాలకాలము ఈ రెంటినుండియు ఏటేట వేఱువేఱు తెఱగుల వసూళ్లు చేసిరి. జమీందారులతో వివాదములును తప్పలేదు. పేష్కషు బకాయిల తగవుననే 1794 జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు పోరాడి కూలెను.

వంగదేశమున 1793లో కారన్‌వాలిసు ప్రభువు చేసిన శాశ్వత పైసలా పద్ధతి 1802లో మదరాసు రాజధానియందు 25వ రెగ్యులేషనుగా వెలువడి, మన జిల్లాయందు నెలకొల్పబడెను. పురాతన జమీందారుల పేష్కషు శాశ్వతముగా నిర్ణయింపబడెను. హవేలీ భూమికి జమీందారు లేడు గదా? లేనిచో సృష్టింపవలసి వచ్చెను. ఆ భూమిని ఏటికి 1,000 మొదలు 5,000 వరకు స్టారు పగోడాల శిస్తు వచ్చునట్టి ఖండములుగా విభజించి, గ్రామములను కట్టలుగట్టి, బహిరంగ వేలమున అమ్మిరి. ఆ కట్టలే ముఠాలు. 1812లో విలాయతు పార్లమెంటు ముందుంచబడిన అయిదవ రిపోర్టునందీ సంగతి వివరింపబడినది. కొనినవానికి శాశ్వత స్వామ్యమును దెలుపు సన్నదు ఇచ్చి, కిస్తీలు చెల్లింతునని వానిచేత కబూలియతు వ్రాయించుకొనిరి. కిస్తీ తప్పినచో ముఠా మఱల వేలమునకు వచ్చును.

కులబంధువులారా! ఇచ్చట మీరు నిదానించి యాలోచింపవలయును. మైదానపు ముఠాదారుతనము యుద్ధమున గెలిచినది కాదు. తామ్రశాసనముచే దేవబ్రాహ్మణ సాక్షిగా లభించినది కాదు. వేలపుపాటలో హెచ్చుపాట పాడినవానిది. డబ్బు గలవాడు కొనెను. కిస్తీ కట్టలేనివాడు పోగొట్టుకొనెను. ఒక తరమున వచ్చి మఱు తరమున పోయినవి సయితము గలవు. అట్టిదానిని వంశగౌరవమునకు కొలబద్దగా పెట్టుకొనుట, సంతలో కొనిన శాలువను రాజసన్మానమని చెప్పుకొనుట వంటిది. కొనుట తప్పనుట లేదు. కష్టార్జితముతో కొని, ధర్మముగా నడిపి, చెఱువు త్రవ్వించి, పంటపోయిన యేట రైతును మన్నించిన వారును ఉండవచ్చును. అట్టివారి గౌరవము ఆ పనులవలన వచ్చినది. ముఠావలన వచ్చినది కాదు.

మఱియొక సంగతి. ముఠాదారు కొనినది నేలనా, నేలమీది వసూలునా? ధర్మశాస్త్రజ్ఞులును న్యాయవాదులును నూఱేండ్లు వాదించిన ప్రశ్న యిది. పంటలో ప్రభుత్వభాగమునకు మేలువారమనియు, దున్నువాని భాగమునకు కుడివారమనియు పేళ్లు. వేలమున నమ్ముడుపోయినది మేలువారము. కుడివారము ముఠాకంటె ముందే యున్నది. తాత దున్నిన నేలను మనుమడు దున్నుచుండెను. దీనిని చట్టము గుర్తించి, 1908వ సంవత్సరపు మదరాసు ఎస్టేట్ల భూమి చట్టముచే రైతునకు జిరాయితీ హక్కును స్థిరపఱచుటకు 1802 మొదలు నూటయాఱేండ్లు పట్టెను.

ఇక మన్యపు ముఠాలు. వీని కథ వేఱు. ఇవి వేలమున పుట్టినవి కావు. గూడెము, రంప కొండలలో గూడెములు దగ్గఱ దగ్గఱగా నున్నవి కొన్ని కలిసి యొక పెద్దను నమ్ముకొని యుండెను. ఒరిస్సాలోని కంధమాళమునందును కోందుల గ్రామసముదాయములకు ముఠా యనియే పేరు. అచ్చట నొక ముఠా యనగా తఱచుగా నొక వంశపు బంధుకూటమి. దీనినిబట్టి మన్యమున ముఠా మొదట మనుష్యుల కట్టు. భూమి వారి వెంట వచ్చినది. మైదానమున భూమిని ముందు కట్టి, మనుష్యులను దానితో కూడ నమ్మిరి. ఒక్క మాట క్రిందనే యింత భేద మున్నది.

దఫ్తరములకీ భేదము పట్టలేదు. గొలుగొండ జమీ 1837లో బకాయిలకై వేలమునకు రాగా సర్కారువారే కొనిరి. అటుపిమ్మట ఆ కొండలలో పలుమాఱులు ఫితూరులు లేచెను. రంపయందు మునసబుదారుని వసూళ్లును, కల్లుమీది పన్నును భరింపలేక 1879లో ప్రజలు తిరుగబడిరి. ఆ యలజడి యణగిన పిమ్మట సర్కారువారు ముఠాదారులకు తామే సన్నదులిచ్చిరి. కొద్దిపాటి కట్టుబడి చెల్లింపవలయును; అలజడి పుట్టినచో తెలుపవలయును; పోలీసులకు తోడ్పడవలయును అనునవి అందలి షరతులు. నాటివఱకు తన జనమునకు పెద్దయైనవాడు ఆ దినమునుండి సర్కారునకు కూడ కావలికాడయ్యెను. 1882లో అడవిచట్టము వచ్చి పోడు వ్యవసాయమునకు కట్టడులు హెచ్చెను. బాటపనులకు వెట్టి పెట్టిరి. ముఠాదారు తన జనము ముందును, దొరల ముందును తలయెత్తుకొనలేని దశకు వచ్చెను.

1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి శ్రీరామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై పడినప్పుడు ఆయన వెంట నడచినవారిలో అట్లు నొచ్చిన కొండపెద్దలుండుట యందుకే. బట్టిపనుకుల మునసబుగా నుండి భూమిని, పెద్దఱికమును కోల్పోయిన గాము గంటందొరయు, ఆయన తమ్ముడు మల్లుదొరయు వారిలో ప్రసిద్ధులు. రాజు 1924 మే 7వ తేదీన కొయ్యూరు వద్ద తుపాకికి బలియయ్యెను. గంటందొరయు ఆ సంవత్సరముననే పోరాటమున గతించెను. మల్లుదొర శిక్ష ననుభవించి, స్వతంత్ర భారతమున 1952లో విశాఖపట్టణ నియోజకవర్గమునుండి మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. కొండలలోని ముఠా తెలిసిన మనుష్యుడు ఢిల్లీలో కూర్చుండెను. చింతపల్లియు కొయ్యూరును చేరిన ప్రాంతమునకు 2022లో అల్లూరి సీతారామరాజు పేరనే జిల్లా యేర్పడెను.

ఇన్ని పేళ్లు విచారించినపుడు మాకొక సంగతి తోచినది. భూస్వామ్యమును దెలుపు మాటలను వరుసగా పరికింపుడు. కళింగ గాంగుల శాసనములందు సీమకు 'విషయము' అని పేరు. అది పాలకుని యధికారమునకు లోబడిన చోటు. భోగ మనగా అనుభవించునది. జాగీరులో 'జా' యనగా చోటు, 'గీర్' అనగా పట్టుట. మన 'గ్రహ' ధాతువునకు చుట్టమే. జమీందారు నేలను పట్టినవాడు. ముఠాదారు పిడికిటిలో పట్టినవాడు. అన్నిటను చేయి యున్నది. ఆ చేయి మూసినది, పట్టినది, అనుభవించినది. నాగలిమేడి పట్టిన చేయి వీనిలో నొక్కదానియందును లేదు. దున్నినవాని మాటలు వేఱు. అవి తూమెడు నేల, కుంచెడు నేల, చేరెడు నేల. అతడు భూమిని విత్తనముతో కొలిచెను, అరచేతితో కొలిచెను. పట్టినవాని మాటలు దఫ్తరములకెక్కెను. విత్తినవాని మాటలు పొలముగట్లమీద మిగిలెను. కుటుంబచరిత్ర వ్రాయువారు రెండు తెఱగుల మాటలను వినవలయునని మా ప్రార్థన.

పట్టిన పిడికిలి యెన్నాళ్లుండును? 1948వ సంవత్సరపు 26వ చట్టముచే మదరాసు రాజధానిలోని ఎస్టేట్లు రద్దుగావింపబడి రైతువారీ పద్ధతిలోనికి మార్చబడుటకు దారి యేర్పడెను. మన్యపు ముఠాలను 1969లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారి ముఠాల రద్దు రెగ్యులేషను రద్దుచేసెను. 1802లో వేలపుపాటతో మైదానమున నెలకొనిన ముఠా నూటయేబది యేండ్లలోపల రద్దుబాట పట్టెను. నేల మాత్ర మెక్కడికిని పోలేదు. 1971లో మన యూర ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినపుడు, గాజువాక చుట్టుపట్ల పల్లెలవారు అదే నేలను దేశముకొఱకు విడిచి లేచిరి. వారిలో ఏ ముఠాదారు పేరును లేని చిన్నరైతులే మెండు.

ముఠాలు పోయినను మాట పోలేదు. అది మూడు దారులు త్రొక్కెను.

మొదటి దారి రేవునకు వచ్చినది. 1933లో విశాఖ ఓడరేవు తెఱువబడెను. ఓడలనుండి సరుకు దింపువారును, గిడ్డంగులలో బస్తాలు మోయువారును జట్టుగా చేరి పనిచేసిరి. ఆ జట్టు ముఠా. దాని పెద్ద ముఠామేస్త్రి. ఆ మేస్త్రీ పేర 1993లో చలనచిత్రమొకటి వచ్చి ఊరూర నాడెను గనుక పిన్నల కీ మాట మాకంటె బాగుగా తెలియును. ముఠాకూలీ లెట్లు పనిచేయుదురో మీరు పూర్ణామార్కెట్టున నిలిచి చూడవచ్చును. బస్తా నొకడెత్తును, మఱియొకడు వీపొగ్గును. బత్తెము ముఠాకు వచ్చును. సాయంకాలము దానిని పంచుకొందురు. కట్ట యను మొదటి యర్థము ఇచ్చట మిక్కిలి నిర్మలముగా నిలిచియున్నది. ఏ వేలమును లేక, ఏ సన్నదును లేక, భుజము భుజము చేర్చుటవలన నేర్పడిన ముఠా యిది. ముఠాదారుల మనుమలమని చెప్పుకొనువారు ముఠాకూలీని చూచి ముఖము త్రిప్పుకొనుట తగదు; వారిద్దఱి మాటయు నొక్కటే.

రెండవ దారి వార్తాపత్రికలలోనిది. దొంగల ముఠా, దొంగనోట్ల ముఠా యని నిత్యము చదువుచున్నాము. మాటకు పట్టిన తుప్పు అది. తుప్పునకు వెఱచి తాతలనాటి కత్తిని పాఱవేయుదుమా?

మూడవ దారిని చెప్పుటకు మాకు సంకోచముగా నున్నది గాని చెప్పక తప్పదు. రాజకీయములందును సంఘములందును పక్షములుగా చీలుటకు 'ముఠాలు కట్టుట' యని పేరు వచ్చినది. సోదరులారా! మన సంఘమున నేడు ముఠాదారులు లేరు. ముఠాలు మాత్రము గలవు. పట్టణమువారి ముఠా యొకటి, పల్లెవారి ముఠా యొకటి. భవనము కట్టవలయునను ముఠా యొకటి, వసతిగృహము ముందనెడి ముఠా యొకటి. లెక్కలు చూపుమని యడిగినవానిని ఎదుటి ముఠావాడని త్రోసివేయుచున్నాము. ఎవరి పక్షమును వహించి మేమీ మాట చెప్పుట లేదు. ముప్పదియైదేండ్లు బడిలో పిల్లల తగవులు తీర్చిన వారము గనుక, తగవు పెద్దదైనకొలది పాఠము వెనుకబడునని యెఱుగుదుము. మన తగవులవలన వెనుకబడుచున్నది విద్యార్థుల వసతి.

కాబట్టి కార్యవర్గమువా రడిగిన ప్రశ్నకు మా సమాధాన మిది. సంపుటమునందు ఎవరి పేరునకు ముందును ముఠాదారు బిరుదమును ముద్రింపవలదు. అట్లని ఆ మాటను దాచను వలదు. కుటుంబచరిత్రలో 'భూమితోడి సంబంధము' అని యొక శీర్షిక నుంచవలయును. ముఠా యుండినవారు, అది యే గ్రామములది, ఏ సంవత్సరమున నెట్లు లభించెను, ఎట్లు పోయెను, దానివలన ఊరికి జరిగిన మేలేమి, కీడేమి యని దాపఱికము లేక వ్రాయవలయును. సన్నదు, కబూలియతు, కిస్తీరసీదులు ఇంట నున్నచో వాని ప్రతులను సంఘమునకీయవలయును, చెదలకు వదలవలదు. ముఠా లేనివారు, తమ పెద్దలు ఏ నేల దున్నిరి, ఎవరికి శిస్తు కట్టిరి, ఏ చెఱువునీరు పాఱించిరి యని వ్రాయవలయును. కూలికి పోయినవారు అదియు వ్రాయవలయును. ముగ్గురి చరిత్రలును ఒక్క కొలత అక్షరములతో ముద్రింపబడవలయును. అప్పుడు సంపుటము మన కులమునకు నిజమైన చరిత్ర యగును. లేనిచో కొందఱి శుభలేఖ యగును.

ఇక పోషకులకొక మనవి. ముష్టి శబ్దమునకు మన యిండ్లలో నొక పవిత్రమైన వాడుక యుండెను. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ప్రతిదినము పిడికెడు తీసి వేఱొక కుండలో వేసెడిది. అది ధర్మమునకు. ఆ పిడికెడు సుమారు 50 గ్రాములని పెట్టుకొన్నను ఏటికి 18 కిలోలు దాటును. నూఱిండ్లవారు కలిసిన 18 క్వింటాళ్లు. దినమునకు 400 గ్రాముల చొప్పున పన్నిద్దఱు విద్యార్థులకు ఏడాది పొడుగున అన్నమునకు చాలును. బియ్యము కుండలో వేయలేని పట్టణవాసులు దాని వెలను మాసమునకొకమాఱు సంఘమునకు పంపవచ్చును. దీనికి బిరుదము లక్కఱలేదు. ముఠా యుండినవారి పిడికిలియు, లేనివారి పిడికిలియు నొక్క కొలతయే. లెక్కను మాత్రము ప్రతి మూడు మాసములకు నోటీసుపలకమీద నంటింపవలయును, అడిగినవానికి చూపవలయును.

ముఠా యనగా పిడికెడు. పిడికెడు గ్రామములను పట్టిన చేతులు కాలముచే విడివడినవి. పిడికెడు బియ్యము పెట్టు చేతులు మన యిండ్లలో నింకను గలవు. వానిని కూడగట్టి, పక్షములు మఱచి, వచ్చు మహాసభనాటికి మన పిల్లల వసతిగృహమున పొయ్యి వెలిగింప గలిగిన, మన సంఘమే యొక మంచి ముఠా యగును.

 సర్వే జనాః సుఖినో భవంతు.